విలియం ఇ. మోర్నర్

అమెరికా భౌతిక రసాయన శాస్త్రవేత్త (జననం: 24 జూన్ 1953, ప్లెజంటన్, కాలిఫోర్నియా). ఒకే ఒక్క అణువును కాంతి సాయంతో తొలిసారి గుర్తించినవారు. టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో పెరిగి, 1982లో కార్నెల్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ పొందారు.

అణువును విడిగా గుర్తించేంతవరకు రసాయన శాస్త్రం కొలిచింది దాదాపు ఎప్పుడూ కోట్లాది అణువుల సగటునే. వేరుశనగ రాశిని తూకం వేస్తే ఏ కాయ తాలుదో తెలియదు కదా! 1989లో శాన్‌హోసేలోని ఐబీఎం అల్మడెన్ పరిశోధనశాలలో లోథార్ కాడర్‌తో కలిసి ఆయన ఆ హద్దు దాటారు. పారా-టెర్ఫినైల్ స్ఫటికంలో పెంటాసీన్‌ను లేశమాత్రంగా కలిపి, ద్రవ హీలియంతో పరమశూన్యానికి చేరువగా చల్లబరిచారు. అంత చలిలో ఒక్కో పెంటాసీన్ అణువు కాస్త వేరైన రంగు కాంతిని పీల్చుకుంటుంది. లేజర్ రంగును కొద్దికొద్దిగా జరుపుతూ పోగా, ఒంటరి అణువు జాడ దొరికింది.

1997లో శాన్‌డియాగోలో ఆకుపచ్చ ప్రతిదీప్తి ప్రోటీన్ రూపాంతరాలపై పనిచేస్తూ, వాటి అణువులు ఆరుతూ వెలుగుతూ ఉంటాయనీ, ఆరినవాటిని మరో రంగు కాంతితో తిరిగి వెలిగించవచ్చనీ సహచరులతో కలిసి చూపారు; సూక్ష్మదర్శిని హద్దును దాటే పద్ధతులకు ఇది ఒక ఆధారమైంది. 1998లో స్టాన్‌ఫర్డ్‌లో చేరారు. కాంతి సూక్ష్మదర్శిని స్పష్టతకు 1873లో ఎర్నెస్ట్ అబ్బే గీసిన హద్దును అధిగమించే పద్ధతులకు గాను ఎరిక్ బెట్జిగ్, స్టెఫాన్ హెల్‌లతో కలిసి 2014 రసాయన శాస్త్ర నోబెల్ అందుకున్నారు. పురస్కారం సూక్ష్మదర్శిని పేరిట వచ్చినా, ఆయన కృషిలో మిన్న 1989 నాటి ప్రయోగమే.