బుర్రకథకు సర్కారు కొలువు

బుర్రకథలో కథకుడి కంటే పక్కనుండే వంతతోనే దొరలకు ప్రమాదం. కథకుడు భుజాన తంబూరా, బొటనవేలికి అందె తగిలించుకుని పల్నాటి వీరులనో బొబ్బిలి కోటనో పాడుతుంటాడు. గుమ్మెటలతో అటూ ఇటూ నిలబడ్డ వంతల్లో ఒకరిది హాస్యం, రెండోవారిది రాజకీయం. కథ ఎంత పాతదైనా ఈ రెండో ఆయన అడ్డం తగిలి, మరి మన ఊరి సంగతేమిటని అడుగుతాడు. పల్నాటి బ్రహ్మనాయుడి కాలం నుంచి ఒక్క మాటతో కౌలు బాకీల దగ్గరికి దిగిపోవచ్చు.

ఊరూరా తిరిగిన జంగాల కథే దీనికి మూలం. దాన్ని ఉద్యమానికి తిప్పినవాళ్లు కమ్యూనిస్టులు. 1943లో బొంబాయిలో ఇప్టా (భారత ప్రజా నాట్య సంఘం) పుట్టింది. తెలుగునేల మీద దానికి తోడుగా డాక్టర్ గరికపాటి రాజారావు నాయకత్వాన ప్రజానాట్యమండలి నడిచింది. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పేద దూదేకుల ఇంట పుట్టిన షేక్ నాజర్ బెంగాల్ కరువును కథగా చెప్తే జనం కన్నీళ్లు పెట్టుకున్నారు. మోటూరి ఉదయం వంటివారు ఆడవాళ్ల దళం కట్టి వేదికనెక్కడం ఆ రోజుల్లో చిన్న సాహసం కాదు.

పాలకులకు ఇదంతా నచ్చలేదు. నైజాంలోనూ మద్రాసు రాష్ట్రంలోనూ ఆంక్షలు వచ్చాయి. స్వాతంత్ర్యం వచ్చాక కూడా ప్రజానాట్యమండలి ఆడిన ‘మా భూమి’ నాటకాన్ని మద్రాసు ప్రభుత్వం నిషేధించింది.

ఆ తర్వాతి మలుపే చిత్రం. 1954లో కేంద్రం తన ప్రచారానికి సాంగ్ అండ్ డ్రామా డివిజన్ పెట్టింది. దేశాన్ని కట్టే పనిలో జానపద కళలకూ చోటిచ్చింది. బుర్రకథ కుటుంబ నియంత్రణ చెప్పింది, టీకాలు చెప్పింది. పేద కళాకారులకు నాలుగు మెతుకులు దొరికాయి, దాన్ని తక్కువ చేయనక్కర్లేదు. కానీ వంత మాత్రం జవాబు ముందే రాసిపెట్టిన ప్రశ్నలే అడిగేవాడయ్యాడు. 1986లో నాజర్‌కు పద్మశ్రీ వచ్చింది. 2017లో ఆ డివిజన్ వేరే ప్రచార విభాగాలతో కలిసిపోయింది.

తెలంగాణలో ఇదే కథ ఇంకా వేగంగా నడిచింది. 2002 నుంచి ధూంధాం పాటల వేదికలు ప్రత్యేక రాష్ట్ర ఉద్యమానికి గొంతయ్యాయి. 2014లో రాష్ట్రం వచ్చాక సాంస్కృతిక సారథి అనే ప్రభుత్వ సంస్థ పుట్టింది. సుమారు 550 మంది కళాకారులకు జీతాలు వచ్చాయి, పాట పథకాల వైపు మళ్లింది.

ఇప్పుడు ఫోనులో బుర్రకథ ఎప్పుడైనా వినొచ్చు, అమెరికాలో ఉన్నా వినొచ్చు. అయితే రికార్డులోని వంతకు తన ఎదుట ఏ ఊరు కూర్చుందో తెలియదు. ఎవరిని దెప్పాలి?

ఆ అడ్డం తగిలే గొంతు వేరేచోట తేలింది. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి వచ్చే ‘మై విలేజ్ షో’ యూట్యూబ్ చానెల్‌లో కనిపించే గంగవ్వకు గుమ్మెట లేదు, తాళం లేదు. మొహమాటం అసలే లేదు. ఎదుటివాడు ఎంతటివాడైనా ఊరి మాటతో ఉతికేస్తుంది. ఆమెకు పిలుపు రావడానికీ ఎక్కువ కాలం పట్టలేదు. ఈసారి పిలిచింది సర్కారు కాదు, 2020లో బిగ్‌బాస్.