పథ్యము – పొలుసుల వ్యాధి

మోచేతులమీదను, మోకాళ్ళమీదను ఎర్రని మచ్చలు లేచి, వాటినుండి వెండిరంగు పొలుసులు రాలనారంభించినచో మన ఇండ్లలో పెద్దలు మొదట అడుగు ప్రశ్న “ఏమి తిన్నావు?” అనియే. రేపల్లె, నగరం, బాపట్ల గ్రామసీమలలో ఇట్టి రోగి విస్తరినుండి ముందు వంకాయ, పిమ్మట గోంగూర, ఆపైన చేపలు తొలగిపోవుట మన మెరిగినదే. తుదకు చారన్నము, మజ్జిగ మాత్రము మిగులును. వైద్యులు సోరియాసిస్ అని పిలుచు ఈ వ్యాధికిని, ఆహారమునకును గల సంబంధమును గురించి శ్రోతలకు కొంత చరిత్ర విన్నవింతుము.

ప్రశ్న మాత్రము ప్రాచీనమైనది. చరక సంహిత చర్మరోగములకు గల కారణములలో విరుద్ధాహారమును చేర్చినది. పాలను, చేపలను కలిపి భుజించుట అట్టిదని చెప్పినది. అందలి కిటిభమను రోగమును నేటి ఆయుర్వేద వైద్యులు పలువురు సోరియాసిస్‌తో పోల్చుచున్నారు. కాని ఆ కాలమున కుష్ఠమను ఒక్క పేరు క్రిందనే ఎన్నియో చర్మరోగములు చేరియుండెను. ఐరోపాలోను ఇదే స్థితి. 1841లో వియన్నా వైద్యుడు ఫెర్డినాండ్ హెబ్రా ఇది కుష్ఠురోగము కాదని స్పష్టముగా వేరుపరచెను. సోరియాసిస్ అంటువ్యాధి కాదు. శరీర రక్షణవ్యవస్థ అదుపుతప్పుటచే, సుమారు ఒక మాసమునకు మారవలసిన చర్మకణములు కొద్ది దినములలోనే పెరిగి పొలుసులై రాలును.

ఈ వ్యాధి చరిత్రలో ఒక ఆంధ్రుని కృషియు కలిసియున్నది. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు సోదరు లిరువురు స్ప్రూ అను వ్యాధిచే మరణించిరి. తిన్న ఆహారము ఒంటబట్టక మనిషి క్షీణించిపోవు రోగమది. సుబ్బారావు మద్రాసులో వైద్యము చదివి, 1922లో అమెరికాకు వెళ్ళెను. అక్కడి శాస్త్రజ్ఞులు 1941లో పాలకూరనుండి ఒక విటమినును వేరుచేసి, ఆకు అను అర్థముగల లాటిను పదమునుండి దానికి ఫోలిక్ ఆమ్లమని పేరిడిరి. లెడర్లీ ప్రయోగశాలలో సుబ్బారావు నడిపిన బృందము 1945లో దానిని కృత్రిమముగా తయారుచేసెను. స్ప్రూ రోగులకు అది ఔషధమైనది.

ఆ బృందమే ఫోలిక్ ఆమ్లమును పోలి, దాని పనిని అడ్డగించు అమినోప్టెరిన్‌ను కూడ సిద్ధపరచెను. పిల్లల రక్తపు కాన్సరుపై దానిని బోస్టనులో సిడ్నీ ఫార్బర్ ప్రయోగించెను. 1948లో సుబ్బారావు మరణించెను. 1951లో గబ్నర్ అను వైద్యుడు, కీళ్ళవాతమునకు ఈ మందిచ్చినప్పుడు సోరియాసిస్ మచ్చలుకూడ మాయమగుట గమనించెను. దాని సోదర ఔషధమైన మెథోట్రెక్సేట్ నేటికిని ఈ వ్యాధికి వాడుకలో నున్నది. అయితే అది వారమున కొకమారు, వైద్యుని పర్యవేక్షణలో మాత్రమే తీసికొనవలసినది. పొరపాటున ప్రతిదినము మ్రింగుట ప్రాణాపాయకరము.

మరి ఈ మందు వాడువారు ఆకుకూరలు మానవలెనా? అక్కరలేదు. నోటిపూత, వికారము తగ్గుటకై వైద్యులే వేరొక దినమున ఫోలిక్ ఆమ్లపు మాత్ర ఇత్తురు. వంకాయ, గోంగూర, చేపలు మానినచో ఈ వ్యాధి కుదురునని రుజువు కాలేదు. గోధుమ మానుట, అందలి గ్లూటెన్ సరిపడదని పరీక్షలో తేలినవారికే పనికివచ్చును. స్థూలకాయులు మితాహారముచే బరువు తగ్గించుకొన్నచో మచ్చలు తగ్గుట మాత్రము పరిశోధనలలో కనబడినది. మద్యము మానుట అందరికిని మేలు. మెథోట్రెక్సేట్ వాడువారి కాలేయమునకు మరియు అవసరము. ఈ రోగులకు మధుమేహము, గుండెజబ్బులు వచ్చు అవకాశము హెచ్చు గనుక తీపిని, ఉప్పును, నూనెను తగ్గించుట వివేకము.

పథ్యము మందునకు తోడు కాగలదే గాని మందునకు బదులు కాజాలదు. పథ్యమునే నమ్మి చికిత్స మానినవారిలో కొందరికి కీళ్ళుకూడ చెడిపోవచ్చును. కడుపు మాడ్చుకొన్నందున చర్మము బాగుపడదు. ఒళ్ళు మాత్రము నీరసించును. కావున మీ ఇంట ఈ వ్యాధిగలవా రున్నచో వారికి వేరు కంచము, వేరు వంట ఏర్పరుపకుడు. పప్పు, ఆకుకూర, మజ్జిగ అందరితోపాటే వడ్డించి, తప్పక వైద్యునివద్దకు తీసికొనిపొండు.