అమ్మ బైబిల్లో లేని పుస్తకం

మా మామగారు పోయి ఏడాదైన రోజున, ఉప్పల్‌లో మా ఆవిడ వాళ్లు వెళ్లే కథోలిక చర్చిలో పూజ పెట్టించారు. వాళ్లది ఫిరంగిపురం, తరతరాలుగా కథోలికులు. మాది నల్లగొండ వైపు, బాప్టిస్టులం. నాన్న నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో పనికొచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఆరేళ్ల కిందట పోయాడు. వియ్యంకుడి సంవత్సరీకానికి రాకపోతే బాగుండదని అమ్మ కూడా వచ్చింది, సంచిలో తన బైబిల్ పెట్టుకుని. మా వాళ్లు బైబిల్ లేకుండా చర్చికి పోరు. పైన ఎవరు ఏది చదివినా, కింద వేలితో ఆ వాక్యం పట్టుకోవాల్సిందే.

మొదటి పఠనం మక్కబీయుల రెండో గ్రంథం నుంచి అన్నారు. అమ్మ పేజీలు తిప్పింది. మలాకీ దగ్గరికి పోయింది, వెనక్కొచ్చింది, విషయసూచిక తీసింది. చివరికి నా మొహం చూసింది. నేనేం చెప్పను? అది అందులో లేదు.

ఇంటికొచ్చేటప్పుడు ఆటోలో అడిగింది. "గా పుస్తకం వాళ్లు కలిపిండ్రా, మనోళ్లు తీసేసిండ్రా?"

ప్రశ్న బాగుంది. రెండు వైపులా దీనికి రెడీమేడ్ జవాబులున్నాయి. వాళ్లు కలిపారని మా పాస్టర్లు అంటారు, మీ లూథర్ తీసేశాడని మా బావమరిది అంటాడు. నాకైతే చాలాకాలం మూడో జవాబు ఉండేది. ఇంజనీరింగ్ హాస్టల్లో 'ద డావిన్చీ కోడ్' చదివిన బ్యాచ్ మాది. కాన్‌స్టంటైన్ చక్రవర్తి క్రీ.శ. 325లో నైసియాలో సభ పెట్టి, నచ్చిన పుస్తకాలుంచి నచ్చనివి తగలబెట్టించాడని నమ్మేవాళ్లం. నైసియా సభ చేసిన 20 నిబంధనలు ఇవాళ్టికీ ఉన్నాయి. వాటిలో బైబిల్లో ఏ పుస్తకాలుండాలన్న ఊసే లేదు.

అసలు 'బైబిల్లోంచి తీసేసిన పుస్తకాలు' అని అందరూ ఒకే గంపలో వేసేవి రెండు రకాలు. ఒకటి, ఎప్పుడూ లోపలికి రానివి. రెండు, కొందరి బైబిల్లో ఉండి ఇంకొందరి బైబిల్లో లేనివి. యూట్యూబ్ వీడియోలన్నీ మొదటి రకం మీదే. అమ్మ అడిగింది రెండో రకం గురించి. అయినా మొదటి రకం సంగతి కాస్త చెప్పుకుని వెళ్దాం, ఎందుకంటే అక్కడ మన దేశం కూడా ఉంది.

రెండో శతాబ్దం చివర్లో సెరాపియన్ అని అంతియొకయలో ఒక బిషప్. ఆయన కింద ఉన్న ఒక ఊరి సంఘం పేతురు సువార్త అనే పుస్తకం చదువుకుంటామని అడిగితే, లోపల ఏముందో చూడకుండానే సరే చదువుకోండి అన్నాడు. తర్వాత ఎవరో ఫిర్యాదు చేస్తే తెప్పించుకుని చదివాడు. చాలావరకు బాగానే ఉంది గానీ యేసు నిజంగా బాధపడలేదనే వాళ్ల వాసన తగులుతోందని, ఇచ్చిన అనుమతి వెనక్కి తీసుకున్నాడు. కోడ్ రివ్యూ చేయకుండా అప్రూవ్ కొట్టి ప్రొడక్షన్‌కు వెళ్లాక నాలుక కరుచుకునే వాళ్లకు ఈ బిషప్ బాగా అర్థమవుతాడు. ఏరివేత ఇలాగే జరిగింది. ఒక్కసారి కూర్చుని ఓటేసింది కాదు. అపొస్తలుల కాలందేనా, అన్ని ఊళ్ల సంఘాలూ చదువుతున్నాయా, మనం నమ్మేదానికి అతుకుతుందా అని రెండు మూడు వందల ఏళ్లు నలిగింది. ఇప్పటి కొత్త నిబంధనలోని 27 పుస్తకాలూ ఎక్కువా తక్కువా లేకుండా కనబడే మొదటి జాబితా అలెగ్జాండ్రియా బిషప్ అథనాసియస్ 367లో రాసిన ఉత్తరంలోది.

బయట మిగిలిపోయిన వాటిలో తోమా కార్యములు ఒకటి. మూడో శతాబ్దం నాటి ఈ పుస్తకంలో తోమాను ఒక వర్తకుడికి బానిసగా అమ్మితే ఇండియా వస్తాడు. రాజు మేడ కట్టమని డబ్బిస్తే బీదలకు పంచేసి, నీ మేడ పరలోకంలో కట్టానంటాడు. మా ఇంట్లో సహా తెలుగు క్రైస్తవుల్లో ఎవరినడిగినా తోమా మన దేశం వచ్చాడని ఢంకా బజాయించి చెబుతారు. చెన్నై వెళ్తే మైలాపూర్ చూసొస్తారు. తోమా ఇండియా ప్రయాణాన్ని వివరంగా చెప్పే పాత రాత బైబిల్లో లేని ఈ పుస్తకమే. అలాగే అమ్మ బైబిల్లో ఉన్న యూదా పత్రిక, 14వ వచనంలో హనోకు చెప్పాడని ఒక మాట ఎత్తి చూపుతుంది. ఆ మాట హనోకు గ్రంథంలోది. దాన్ని ఇథియోపియా సంఘం ఇప్పటికీ బైబిల్లో ఉంచుకుంది, మిగతా వాళ్లు ఉంచుకోలేదు.

ఇక అమ్మ ప్రశ్న. తోబీతు, యూదితు, మక్కబీయులు రెండు, సొలోమోను జ్ఞానం, సీరా జ్ఞానం, బారూకు: ఈ ఏడు పుస్తకాలు, ఎస్తేరు, దానియేలు గ్రంథాల్లో కొన్ని గ్రీకు భాగాలు. మా ఆవిడ 'పవిత్ర గ్రంథము'లో 73 పుస్తకాలు, అమ్మ 'పరిశుద్ధ గ్రంథము'లో 66.

క్రీస్తుకు ముందే అలెగ్జాండ్రియా వైపు యూదులు హీబ్రూ మర్చిపోయి గ్రీకులో పడ్డారు. వాళ్ల కోసం వచ్చిన గ్రీకు అనువాదంతో పాటు ఈ పుస్తకాలూ చలామణిలో ఉండేవి. తొలి క్రైస్తవులు చాలామంది చదివింది ఆ గ్రీకే. తర్వాత యూదులు తమ జాబితాను హీబ్రూ పుస్తకాలకే పరిమితం చేసుకున్నారు. (హనుక్కా పండగ కథ ఉన్నది మక్కబీయుల గ్రంథాల్లో. పండగ మిగిలింది, పుస్తకం వాళ్ల లేఖనాల్లోకి రాలేదు.) నాలుగో శతాబ్దం చివర జెరోమ్ బెత్లెహేములో కూర్చుని లాటిన్‌లోకి తర్జుమా చేస్తూ, హీబ్రూలో లేనివి చదువుకుంటే మంచిదే గానీ వాటితో సిద్ధాంతం కట్టకూడదన్నాడు. అగస్టీన్ ఒప్పుకోలేదు. 397లో కార్తేజ్ సభ వాటినీ లెక్కలో వేసింది. జెరోమ్ కూడా బిషప్పులు అడిగారని తోబీతును అరమాయికు నుంచి ఒక్క రోజులో తర్జుమా చేసి పడేశాడు. ఆయన తొందర చూస్తే మనసుపెట్టి చేసిన పనిలా లేదు. తమాషా ఏంటంటే, 20వ శతాబ్దంలో మృత సముద్రం గుహల్లో తోబీతు ముక్కలు అరమాయికులోనే కాక హీబ్రూలోనూ దొరికాయి.

ఇలా వెయ్యేళ్లకు పైగా 'ఉన్నాయి గానీ కాస్త కింది మెట్టు' అన్న పద్ధతిలో నడిచింది. గొడవ ముదిరింది ఆ రోజు చర్చిలో చదివిన భాగం దగ్గరే. యుద్ధంలో చచ్చిపోయిన సైనికుల బట్టల కింద విగ్రహాల తాయెత్తులు కనబడతాయి. వాళ్ల నాయకుడు యూదా మక్కబీ మనిషింత వేయించి, రెండు వేల ద్రక్మాలు పోగుచేసి, చనిపోయిన వాళ్ల పాపం కోసం బలి అర్పించమని యెరూషలేముకు పంపిస్తాడు. అంటే పోయిన వాళ్ల కోసం బతికున్న వాళ్లు ప్రార్థన చేయొచ్చు, దానికి ఫలితముంది. పోయిన వాళ్ల ఆత్మల పేర పాపపరిహార పత్రాలు అమ్ముతున్న రోజుల్లో ఈ వాక్యం ఎంత విలువైందో ఊహించుకోండి. 1519లో లైప్‌జిగ్‌లో ఎక్ అనే పండితుడు లూథర్ మీద ఇదే వాక్యం ప్రయోగించాడు. ఆ పుస్తకం ప్రామాణిక జాబితాలోది కాదని లూథర్ జవాబు.

కానీ లూథర్ వాటిని తీసేయలేదు, ఇక్కడ మా బావమరిది లెక్క తప్పు. 1534లో అచ్చయిన ఆయన జర్మన్ బైబిల్లో అవన్నీ ఉన్నాయి, పాత కొత్త నిబంధనల మధ్య, చదవడానికి మంచివే అన్న మాటతో. 1611 నాటి ఇంగ్లీషు కింగ్ జేమ్స్ బైబిల్లోనూ అంతే. కథోలికుల వైపు 1546 ఏప్రిల్ 8న ట్రెంట్ సభ ఈ జాబితాను విశ్వాస సూత్రం చేసింది. అనుకూలం 24, వ్యతిరేకం 15, తటస్థం 16. హాజరైన వాళ్లలో సగం కూడా చేయెత్తలేదన్నమాట.

మరి అమ్మ బైబిల్లోంచి ఎవరు తీశారు? నేను ఇన్నాళ్లూ ఈ ప్రశ్నకు జవాబు రోమ్‌లోనో జర్మనీలోనో ఉంటుందనుకున్నాను. చాలావరకు లండన్‌లో ఉంది.

1804లో అక్కడ బ్రిటిష్ అండ్ ఫారిన్ బైబిల్ సొసైటీ పెట్టారు. లోకంలోని భాషలన్నిటిలోకీ బైబిల్ చౌకగా అచ్చేసి ఇవ్వడం వాళ్ల పని. యూరప్‌లో లూథరన్లు, కథోలికులు ఈ పుస్తకాలు లేని బైబిల్ ముట్టుకోరు కాబట్టి, అక్కడికి వాటితో సహా అచ్చేసే వాటికీ డబ్బిచ్చేవారు. 1821లో రాబర్ట్ హాల్డేన్ అనే స్కాట్లండ్ పెద్దమనిషి సొసైటీ ఆఫీసులో గొడుగు మర్చిపోయి, దానికోసం తిరిగెళ్లినప్పుడు ఈ సంగతి ఆయన చెవిన పడిందని ఆయన జీవితచరిత్రలో ఒక కథ ఉంది. కథ సంగతెలా ఉన్నా, గొడవ మాత్రం నిజం. దేవుడి మాటకు ఇచ్చిన చందా మనుషుల మాటకు ఎలా ఖర్చుపెడతారని ఎడిన్‌బరో మండిపడింది. ఐదేళ్లు కరపత్రాలు, తిట్లు, మీటింగులు. చివరికి 1826లో సొసైటీ తీర్మానం చేసింది: ఈ పుస్తకాలున్న బైబిల్‌కు మా పైసా వెళ్లదు.

తెలుగులో అప్పటికి ఏముంది? 1805లో విశాఖపట్నం వచ్చిన లండన్ మిషనరీలు క్రాన్, డే గ్రాంజ్ మొదలుపెట్టిన పని నుంచి 1812లో శ్రీరాంపూర్‌లో మూడు సువార్తలు అచ్చయ్యాయి. 1818కి కొత్త నిబంధన వచ్చింది. పూర్తి బైబిల్ 1854లో. అంటే మొత్తం బైబిల్ తెలుగులో రావడానికి 28 ఏళ్ల ముందే, అందులో ఏముండకూడదో తేలిపోయింది.

విశాఖ మిషనరీలకు ఆ పుస్తకాల మీద మొదట్నుంచీ మోజు లేదు, తీర్మానం లేకపోయినా వాళ్లు వేసేవాళ్లు కాదు అనొచ్చు. మా బాప్టిస్టుల సంగతీ అంతే. కానీ 1841లో మచిలీపట్నం వచ్చిన ఆంగ్లికన్లు? 1842లో గుంటూరులో హేయర్ మొదలుపెట్టిన లూథరన్ మిషన్? ఆ రెండు శాఖల సొంత సంప్రదాయంలో ఈ పుస్తకాలు చదువుతారు. వాళ్ల తెలుగు సంఘాల చేతికొచ్చింది కూడా ఈ 66 పుస్తకాల బైబిలే. గుంటూరు లూథరన్‌కు లూథర్ అచ్చేయించిన పుస్తకాలు లేకుండా లూథర్ మతం అందింది. పక్కన తమిళంలో ఇలా జరగలేదు. తరంగంబాడి జర్మన్ మిషనరీలు 1728లోనే ఈ పుస్తకాల్ని తమిళంలో అచ్చేశారు. ఆ పని పూర్తిచేసిన షుల్జ్ తర్వాత మద్రాసులో కూర్చుని బైబిల్‌ను తెలుగులోకి తెచ్చిన మనిషే. ఆయన తెలుగు ప్రతి అచ్చుకు నోచుకోలేదు. అది అచ్చయి నిలిచి ఉంటే తెలుగు బైబిల్ రూపురేఖలు వేరుగా ఉండేవని నా అనుమానం.

కథోలికుల సంగతి ఇంకోలా ఉంది. 73 పుస్తకాలూ తమవే అని ట్రెంట్ చెప్పినా, పూజ లాటిన్‌లో. తెలుగులో జపాలు, పాటలు, బైబిల్ కథలు. రెండో వాటికన్ సభ 1965లో జనం భాషల్లో బైబిల్ ఉండాలని గట్టిగా చెప్పాకే తెలుగు కథోలిక బైబిల్‌కు ఊపొచ్చింది. మా మామగారు చిన్నప్పుడు మక్కబీయులు తెలుగులో విన్న గుర్తు లేదనేవారు. 'ఉంది' అన్న ఇంట్లోనూ ఆ పుస్తకం మొన్నమొన్నటిదాకా చేతికి లేదు.

ఇదంతా ఒక ఆదివారం అమ్మకు చెప్పాను. గొడుగు కథకు నవ్వింది. తర్వాత కాసేపు మాట్లాడలేదు. నాన్న పోయినప్పుడు ఆయన ఆత్మ కోసం ప్రార్థన చేయొచ్చా అని ఒక పాస్టరుగారిని అడిగిందట. అది వాక్యంలో లేదమ్మా అన్నారట. ఆరేళ్లుగా నాకీ సంగతి తెలియదు. సమాధుల పండగకు ఏటా కొవ్వొత్తులు, పూలు తీసుకెళ్తుంది, మా వాళ్లలోనూ చాలామంది వెళ్తారు. అక్కడ కళ్లు మూసుకుని నిలబడి ఏం చేస్తుందో నేనెప్పుడూ ఆలోచించలేదు.

"అంటే, ఆయన చెప్పింది అబద్ధమా?" అంది.

అబద్ధం కాదు, ఆయన బైబిల్లో లేదు అన్నాను. దీన్ని దేవుడి నిర్ణయమనాలో బడ్జెట్ నిర్ణయమనాలో తేల్చగలిగే స్థాయి నాకు లేదు. మక్కబీయుల్లో ఆ వాక్యం ఉన్నంత మాత్రాన అది నిజమైపోదు కూడా. జెరోమ్ అభ్యంతరం ఊరికే కొట్టిపారేయాల్సింది కాదు.

అమ్మ ఇవేవీ పట్టించుకోలేదు. కోడల్ని అడిగి ఆ లావుపాటి బైబిల్ తన గదిలోకి తీసుకెళ్లింది. మక్కబీయులు యుద్ధాలని పక్కన పెట్టి తోబీతు రెండు మధ్యాహ్నాల్లో చదివేసింది. అందులో కొడుకు ప్రయాణం కడితే ఇంటి కుక్క వెంట పోతుంది. మళ్లీ ఇంటికొచ్చేటప్పుడు కనబడుతుంది. మధ్యలో దాని ఊసే ఉండదు.

"గా కుక్క నడుమల ఏడికి పోయిందిరా?" అని వంటింట్లోంచి కేకేసింది.