ఇసుకలో తోట వేసిన డొరొతీ మెక్లీన్



ఈ పూట ఎరువుల మోతాదులు కాసేపు పక్కన పెట్టి ఒక మనిషి కథ చెప్పదలిచాను. మొక్కల్లోని దేవతలు తనతో మాట్లాడతారని నమ్మిన ఒక స్త్రీ కథ ఇది. నవ్వకండి. ఒకప్పుడు నేనూ నవ్వాను. డిప్లొమా పుచ్చుకుని ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పెద్దరైతు నాతో, "అమ్మవారు కలలో చెప్పింది బాబూ, ఈ ఏడు ఆ చెక్కలో నువ్వులు వేయొద్దని" అన్నాడు. నలుగురి ముందూ పకాలున నవ్వేశాను. ఆ తర్వాత రెండేళ్లు ఆయన నాతో మాట్లాడలేదు. ఆ చెక్క పల్లమనీ, నీరు నిలుస్తుందనీ, నువ్వు నీటికి ఆగదనీ నాకు తట్టింది తర్వాతనే.

ఇక కథలోకి వద్దాం. డొరొతీ మెక్లీన్ 1920 జనవరి 7న కెనడా దేశంలోని గ్వెల్ఫ్ పట్టణంలో పుట్టింది. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో, 1941లో, న్యూయార్కులోని బ్రిటిష్ గూఢచారి శాఖ ఆఫీసులో ఉద్యోగానికి కుదిరింది. ఆ పనిమీద పనామా వెళ్లి అక్కడ పెళ్లి చేసుకుంది, తరువాత ఇంగ్లండు చేరి స్థిరపడింది. 1951లో ఆ పెళ్లి విడిపోయింది. ఆ రోజుల్లోనే ధ్యానం పట్టుబడి, లోపలి నుంచి ఏదో మాట వినిపిస్తోందని చెప్పసాగింది. పూనకం లేదు, ఊగడం లేదు. కదలకుండా కూర్చుని, తోచిన మాటలు కాగితం మీద పెట్టుకునేది, అంతే.

పీటర్ కాడీ, ఐలీన్ కాడీ అనే దంపతులు ఆమెకు స్నేహితులు. స్కాట్లండులో ఫారెస్ పట్టణం దగ్గరి ఒక హోటల్లో పీటర్ మేనేజరు, డొరొతీ సెక్రెటరీ. 1962లో ఆ కొలువు పోయింది. ఆ నవంబరులో అందరూ ఫిండ్‌హార్న్ అనే సముద్రతీర గ్రామం పక్కన, చక్రాల మీద నడిచే ఇల్లు ఒకటి నిలుపుకుని కాపురం పెట్టారు. ముగ్గురు పెద్దలు, ముగ్గురు పిల్లలు. బతుకుతెరువు సర్కారు ఇచ్చే నిరుద్యోగ భత్యం. కింద నేల చూస్తే ఇసుక, గులకరాళ్లు, ఆపైన సముద్రపు గాలి. మన తీరప్రాంతపు ఇసుక భూముల రైతులకు ఈ కష్టం వేరే చెప్పనక్కరలేదు.

1963లో కూరల కోసం అక్కడే మడులు కట్టారు. మొదట బఠాణీ మొక్క తాలూకు దేవతను పలకరించానని డొరొతీ రాసుకుంది. ఆమె వాడిన మాట "దేవ". అది మన మాటే. దివ్యజ్ఞాన సమాజం వారి ద్వారా పడమటి దేశాలకు చేరింది. ఎడం ఎంత ఉండాలి, నీరెప్పుడు పెట్టాలి, ఏ మొక్క ఎందుకు వాడుతోంది అని పీటర్ అడిగేవాడు. ఆమె ధ్యానంలో కూర్చుని జవాబు తెచ్చేది. కొద్ది ఏళ్లలో 40 పౌన్ల క్యాబేజీలు, అంటే సుమారు 18 కిలోలవి, పండాయని ఆ తోటవారు చెప్పుకున్నారు. ఆ వార్త విని దేశదేశాల జనం వచ్చారు.

మరి ఇసుకలో పడిందేమిటి? అది కూడా వారే దాచకుండా చెప్పారు. ఒడ్డుకు కొట్టుకొచ్చిన సముద్రపు నాచు, గుర్రపు పెంట, కట్టెల బూడిద, విస్కీ బట్టీల్లో మిగిలిన బార్లీ వ్యర్థం, పచ్చిక కోత, వీటితో కుళ్లబెట్టిన కంపోస్టు. కంపోస్టు చేరితే ఇసుక నీటిని పట్టుకుంటుంది, పోషకాలు అడుక్కి జారిపోవు. పైగా ఆ ఉత్తర దేశంలో నడివేసవి పగలు సుమారు 18 గంటలు. క్యాబేజీకి ఆ వెలుగు విందుభోజనం. ఇంకా ఉత్తరాన ఉన్న అలాస్కాలో 2012లో 138 పౌన్ల క్యాబేజీ సంతకు వచ్చింది. దాన్ని ఏ దేవతా పెంచానని చెప్పలేదు.

కంపోస్టు సంగతిలో మన దేశానికీ వాటా ఉంది. ఆల్బర్ట్ హోవర్డ్ అనే శాస్త్రజ్ఞుడు 1924 నుంచి 1931 వరకు ఇండోరులో పనిచేసి కంపోస్టు పద్ధతిని చక్కదిద్దాడు. అది ఇండోరు పద్ధతి పేరుతోనే ఇంగ్లండుకు వెళ్లి అక్కడి తోటమాలులకు అలవాటయింది.

అయితే డొరొతీ చేసిందేమీ లేదంటారా? అలా అనను. రోజూ ఒక్కొక్క మొక్క దగ్గర కూర్చుని, దానికేం కావాలో తెలుసుకోవాలని కూర్చున్న మనిషి ఆమె. అంత నిదానంగా చూసినవారికి, ఆకు వాడక ముందే దాని అవసరం తెలుస్తుంది. ఆ తెలివికి ఆమె దేవత అని పేరు పెట్టింది, మన పెద్దరైతు అమ్మవారన్నాడు. నమ్మకం వారిది, గమనిక మాత్రం మనందరికీ పనికొచ్చేది.

ఆమె 1973లో ఫిండ్‌హార్న్ విడిచి ఉత్తర అమెరికా వెళ్లి, అక్కడ ఏళ్ల తరబడి బోధించింది. చివరి దశలో మళ్లీ ఫిండ్‌హార్న్ చేరి, 2020 మార్చి 12న నూరేళ్ల వయసులో కన్నుమూసింది.

తోటి ఉద్యోగులకు ఒక మాట. రైతు తన నమ్మకం చెప్పినప్పుడు నవ్వకండి, అలాగని తలూపి ఊరుకోనూ వద్దు. "ఆ చెక్కలో ఏం చూశావు పెద్దాయనా?" అని అడగండి. రైతు సోదరులకు ఇంకొక మాట. ఎవరైనా మహిమ గల మందంటూ వస్తే, ఒక మడికి వేసి పక్క మడికి మానండి. రెండింటి పంటా తూచండి. ఫిండ్‌హార్న్ కథలో లేనిది ఆ రెండో మడే. ఇసుక నేల ఉన్నవారు మాత్రం దేనికోసమూ ఆగనక్కరలేదు. జనుమో జీలుగో చల్లి పూతకు రాగానే కలియదున్నండి, కంపోస్టు గొయ్యి నింపండి. ఇక రోజూ ఒకసారి చేనులో కాసేపు ఊరికే నిలబడండి.

సెలవు.