బండి ఇరుసు – చమురు పొర

పూర్వము చిత్తూరు సీమలో దూరప్రయాణమునకు ముందు బండివాడు చక్రమును తీసి, ఇరుసునకు కందెన పూయుచుండెను. ఆముదములో మసి కలిపి చేయు ఆ కందెన లేనిచో ఇరుసు కీచుమని అరచి, వేడెక్కి, అరిగిపోవును.

చమురు ఇరుసును ఎట్లు కాపాడును? ఇంగ్లండులో బీచమ్ టవర్ రైలు ఇరుసుల బేరింగులను పరీక్షించుచు, బేరింగు పైభాగమున చమురు పోయుటకు రంధ్రము తొలిపించెను. ఇరుసు తిరుగగా చమురు ఆ రంధ్రము నుండి పైకి ఉబికెను. బిగించిన చెక్కబిరడా కూడ బయటికి వచ్చెను! చదరపుటంగుళమునకు సగటు భారము 100 పౌన్లు కాగా, అచ్చట చమురు ఒత్తిడి 200 పౌన్లు దాటెను. అనగా, బరువును మోయునది పలుచని చమురు పొరయే. 1883లో టవర్ ఈ ఫలితములను ప్రకటించెను; 1886లో ఆస్‌బోర్న్ రేనాల్డ్స్ గణితముతో వివరించెను.

1898లో అమెరికాలో గుఱ్ఱపుబండ్లు తయారుచేయు హెన్రీ టిమ్‌కెన్ ఏటవాలు రోలర్ల బేరింగునకు పేటెంటు పొందెను. నేటి భారీ ట్రైలర్ల చక్రనాభులలో ఇట్టివే కలవు. కొన్నింటిలో గ్రీజునకు బదులు చమురు నింపుదురు. నాభి మూతకున్న గాజుకంతలో దాని మట్టము కనబడును. చమురు పాలవలె తెల్లబడినచో నీరు చేరినదని, లోహపు రజను మెరిసినచో బేరింగు అరుగుచున్నదని గ్రహింపవలెను.

చిత్తూరు, పలమనేరుల నడుమ మొగిలి కనుమ దిగునపుడు బ్రేకుల వేడి నాభికి ప్రాకి చమురును పలుచన చేయును. సీలు చెడినచో చమురు బ్రేకులపైకి కారి పట్టు తప్పును. ఎద్దుబండి ఇరుసు అరచి హెచ్చరించెడిది. ఇంజను మోతలో ట్రైలరు చక్రము మొర వినబడదు. కావున బయలుదేరుటకు ముందే గాజుకంతలోనికి చూడవలెను.