గుండెలో బుడగ.. పగిలితే ప్రాణాలకే ముప్పు!

గుండె నుంచి బృహద్ధమని మొదలయ్యే చోట, కవాటానికి కాస్త పైన మూడు చిన్న సంచుల్లాంటి భాగాలుంటాయి. వీటిని వల్సాల్వా సైనస్‌లు అంటారు. పుట్టుకతోనే అక్కడి గోడ బలహీనంగా ఉంటే, రక్తం ఒత్తిడికి బుడగలా ఉబ్బుతుంది. అదే అన్యూరిజం. ఇది చాలా అరుదు. మగవారిలోనే ఎక్కువ. పగిలేదాకా చాలామందికి ఏ లక్షణమూ ఉండదు.

పగిలితే రక్తం ఎక్కువగా గుండె కుడి గదుల్లోకి దూసుకెళ్తుంది. ఉన్నట్టుండి ఛాతీ నొప్పి, ఆయాసం, గుండె దడ మొదలవుతాయి. ఆలస్యమైతే గుండె వైఫల్యమే. గుండె చుట్టూ ఉన్న పొరలోకి పగిలితే కాసేపట్లోనే ప్రాణం పోవచ్చు.

ఎకో పరీక్షలో ఇది బయటపడుతుంది. ఆపరేషన్ చేసి, కొందరికైతే కాథెటర్‌తో డివైజ్ పెట్టి రంధ్రం మూసేస్తారు. అందుకే ఇలాంటి నొప్పి వస్తే గ్యాస్ అనుకుని ఇంట్లో ఉండిపోవద్దు.