కణకిరణ చికిత్సకు రోగనిరోధక చికిత్స తోడు

మరమగ్గాల పట్టణమైన భివండీ-నిజాంపురాలో స్థిరపడిన తెలుగు నేత కుటుంబాలకు క్యాన్సర్ అనగానే స్ఫురించేది పరేల్‌లోని టాటా ఆసుపత్రి. ఆ సంస్థకే చెందిన ఖార్‌ఘర్ కేంద్రంలో 2023 నుండి ప్రోటాన్ చికిత్స లభిస్తున్నది. చెన్నై అపోలోలో ఇది 2019లోనే మొదలయింది.

సాధారణ ఎక్స్-కిరణాలు కణితిని దాటి, వెనుకనున్న అవయవాలను సైతం తాకుతాయి. ప్రోటాన్లు నిర్ణీత లోతున తమ శక్తిని విడిచి అక్కడే ఆగిపోతాయి. జపానులోని చిబాలో 1994 నుండి వాడుతున్న కార్బన్ అయాన్లు మరింత బలమైనవి, డి.ఎన్.ఏ. రెండు పోగులనూ ఒకేచోట తెంపివేస్తాయి. తెగిన పోగును అతకడం నేతకాండ్రకు నిత్యకృత్యమే గాని, ఇట్టి తెగుడును అతుక్కోవడం కణానికి కష్టసాధ్యం.

ఇట్లు నశించిన కణాలనుండి వెలువడే పదార్థాలు రక్షక కణాలకు శత్రువు ఆనవాలు చూపుతాయి. అరుదుగా, కిరణం సోకని దూరపు కణితి కూడా కరుగుతుంది. 1953లో మోల్ దీనికి ‘ఆబ్‌స్కోపల్’ అని పేరు పెట్టాడు. అయితే కణితి రక్షక కణాలకు కళ్లెం వేస్తుంది. దానిని విప్పేవే నివొలుమాబ్ వంటి మందులు. ఈ మార్గం చూపిన ఆలిసన్, హోంజోలు 2018లో నోబెల్ పొందారు.

కిరణాలు రక్తంలోని రక్షక కణాలనే చంపితే మందు పనిచేయుటకు సైన్యమే మిగలదు. ప్రోటాన్లపై ఆశ అందుకే. కాని ఈ జోడింపు ఇంకా ప్రయోగదశలోనే ఉన్నది; దీనిని స్థిరపడిన వైద్యంగా చెప్పేవారిని నమ్మరాదు.

మరి ఖర్చో? ముదిరిన తల, మెడ క్యాన్సర్లలో కిరణాలు లేకుండానే, మూడు వారాలకొకసారి 20 మిల్లీగ్రాముల నివొలుమాబును ఇతర మందులకు చేర్చి టాటా వైద్యులు పరీక్షించారు. 2022లో వెలువడిన ఫలితాల ప్రకారం ఏడాది తరువాత జీవించియున్నవారు 16 శాతం నుండి 43 శాతానికి పెరిగారు. ఆ మోతాదు మామూలు మోతాదులో పదోవంతు కూడా కాదు.